ఆంప్లిఫైయర్ వెనక సాకెట్

మా చర్చి సంఘంలో ఆంప్లిఫైయర్ పక్కన కుర్చీ ఇరవై ఏళ్లుగా నాది. పాట ఎత్తుకునే ముందు అందరూ ఒకసారి నా వైపు చూస్తారు. నేను తల ఊపితేనే మొదలు. దేవుడు నాకిచ్చిన పరిచర్య అదేనని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. ఆ నమ్మకం అడుగున ఇంకేదో కూడా ఉందని మాత్రం, గార్లదిన్నె దారిలోని మా మందిరానికి ఆ విదేశీ పెట్టె వచ్చాకే తెలిసింది.

అమెరికాలో కొన్నాళ్లు ఉండి వచ్చిన ఒక విశ్వాసి కుటుంబం తమ ఆంప్లిఫైయర్‌ను, మైకులన్నిటినీ కలిపే ఒక చిన్న మిక్సర్‌ను మందిరానికి కానుకగా ఇచ్చింది. రెండూ నూట ఇరవై వోల్టులకు చేసినవి. మన గోడలో వచ్చేది రెండు వందల ముప్పై. నేరుగా పెడితే కాలిపోతాయి. మైకులు, రేడియోలు బాగుచేసే అంగడి నాది కాబట్టి మొదట నేనే మూత విప్పాను. పైపైన చూసి, ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించాలి, బెంగుళూరు పంపాలి, రెండు నెలలు పడుతుందని చెప్పాను. లోపల ఎన్ని తీగలున్నాయో చూడనైనా చూడలేదు. నేను చెప్పాక ఇంకొకరు చూడరన్న ధీమా.

చూశాడు. మడకశిర నుంచి వచ్చి ఆ ఏడే సంఘంలో చేరిన మెకానిక్, నాకంటే పదిహేనేళ్లు చిన్న. సంఘపెద్ద ముందే మూత తీసి వేలు పెట్టి చూపించాడు.

"అన్నా, కరెంటు వచ్చే పక్క రెండు చుట్లుండాయి చూడు. వాళ్లు రెండిటినీ పక్కపక్కన కలిపినారు. మనం ఒకదాని తోక ఇంకోదాని తలకి కలిపితే సాలు. మళ్లీ చుట్టే పన్లేదు."

"తల, తోక తారుమారైతే?" అన్నాను.

"అయితే బల్బు చెప్తాది గదన్నా."

అది మా మెకానిక్కులందరి పద్ధతే. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు దారిలో వంద వాట్ల బల్బు ఒకటి కలుపుతాం. బల్బు గుప్పున వెలిగి అలాగే ఉంటే లోపల తప్పుంది. ఒక్కసారి వెలిగి మందగిస్తే సరిగ్గా ఉన్నట్టు. నా అంగడిలో రోజూ చేసే పనిని అతను నాకు చెబుతున్నాడు.

సంఘపెద్ద నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమప్పా, నువ్వు రెండు నెల్లంటివి. ఈయప్ప రెండు పూటలంటాండాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారం ఉపవాసముండి అతని కోసం ప్రార్థన చేశాను. అతనికి వినయం నేర్పమని అడిగాను. అది ఎలాంటి ప్రార్థనో చేస్తున్నప్పుడే నాకు తెలుసు. అయినా ఆపలేదు.

శనివారం సాయంత్రం అతని పని చూడటానికి మందిరానికి వెళ్లాను. బల్బు ఒకసారి వెలిగి మందగించింది. బియ్యంలో రాళ్లేరినట్టు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అతని అతుకులన్నీ వెతికాను. ఫ్యూజు కూడా మార్చాడు. తప్పు దొరకలేదు. పెట్టెకు మూత బిగించాక వెనక్కి తిప్పి చూస్తే, అక్కడ దొరికింది.

అలాంటి పెట్టెల వెనక, పక్క సామానుకు కరెంటు ఇవ్వడానికి బల్లపరుపు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అక్కడి దేశంలో దాంట్లో నూట ఇరవై వస్తుంది. ఇక్కడ గోడలోంచి వచ్చే రెండు వందల ముప్పై నేరుగా దాంట్లోకి వస్తుంది. మిక్సర్ ప్లగ్గు మన గోడకు పట్టదు, దానికి మాత్రం అతికినట్టు పడుతుంది. రేపు ఎవరో ఒకరు పెడతారు. దాన్ని మూసెయ్యాలి. అతను చిన్న టేపు ముక్క కూడా అంటించలేదు.

"బాగా చేసినావప్పా," అని ఇంటికొచ్చేశాను.

మా మందిరంలో కొత్త వస్తువు ఏదైనా ప్రార్థన కాకుండా సంఘం ముందు స్విచ్ వేయరు. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెడతారు, అందరూ కళ్లు మూసుకుంటారు, ఆమేన్ అనగానే పాట లేవాలి. ఆ ఆదివారం నేను కళ్లు మూసుకోలేదు. పొగ కోసం కాచుకుని ఉన్నాను, ఇంకో మాట అంటే అబద్ధం. ఆమేన్ కోసం ఆ మెకానిక్ వేలు స్విచ్ మీద ఉంది. సంఘపెద్ద మిక్సర్ ప్లగ్గు పట్టుకుని, ఒక కన్ను సగం తెరిచి, వెనక ఆ సాకెట్లో పెట్టేశాడు. పాస్టరుగారి గొంతు చివరి మాటల్లోకి దిగుతోంది.

ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. వెళ్లి ప్లగ్గు పీకేశాను.

"ప్రార్థనలో ఇదేమప్పా?" అన్నాడు సంఘపెద్ద.

"దాంట్లో ఇప్పుడు వచ్చేది గోడ కరెంటే. మిక్సర్ కాలిపోతాది."

అందరూ ఆ మెకానిక్ వైపు చూశారు. అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. "మంచిపని చేసినావన్నా," అన్నాడు. సంచిలోంచి గోడ కరెంటును నూట ఇరవైకి దించే పిడికెడంత స్టెప్‌డౌన్ పెట్టె తీసి మిక్సర్‌ను దానికి తగిలించాడు. పాస్టరుగారు నా కోసం కృతజ్ఞత కూడా చేర్చి ప్రార్థన ముగించారు. "పాత చెయ్యి పాత చెయ్యే," అన్నాడు సంఘపెద్ద. నా కుర్చీ నాకే ఉండిపోయింది. ఆ పూట అన్నం ఎంతో రుచిగా తిన్నాను.

గాలుల కాలం వెళ్లాక, దుమ్ము దులపడానికి ఆ పెట్టె మూత విప్పాను. వెనక సాకెట్‌కు వెళ్లే రెండు తీగలూ కోసేసి ఉన్నాయి. కొసలకు నీలం గొట్టాలు తొడిగి, పక్కకు కట్టేసి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ అతుకులకు వేసిందీ ఆ నీలం గొట్టమే. ఆ శనివారం నా కళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఇటు రాలేదు. అతని తర్వాత ఆ మూత ఎవరూ విప్పలేదు. ఆ సాకెట్లో ఆ రోజు ఏం పెట్టినా ఏమీ అయ్యేది కాదు. స్టెప్‌డౌన్ పెట్టె కూడా అందుకే సంచిలో పెట్టుకుని వచ్చాడు.

దాంట్లో కరెంటే లేదని ఒక్క మాట అంటే చాలు, అందరి ముందూ నా తల దిగిపోయేది. అతని స్థానంలో నేనైతే ఆ మాట అనేవాణ్ని. చేతిపని నేర్చుకోవచ్చు. ఆ మాట అనకుండా ఉండటం ఎక్కడ నేర్చుకున్నాడో అని అప్పుడు పుట్టిన కుళ్లు, ముందటి దానికన్నా పెద్దది.

అంతలో అతనే లోపలికొచ్చాడు. "ఏమన్నా, దుమ్ము బాగా ఉండాదా?"

"పైనే. లోపల శుభ్రంగా ఉండాది," అన్నాను.

అతను స్క్రూలు అందించాడు. నేను బిగించాను.

మరుసటి ఆదివారం పాట ఎత్తే ముందు అందరూ నా వైపు చూశారు. నేను అతని వైపు చూశాను. ఆ ముఖంలో ఎక్కడైనా కాస్త గర్వం కనబడుతుందేమోనని చాలాసేపు వెతికాను. సంఘమంతా నా తల ఊపు కోసం ఆగి ఉంది.