పుట్టింటి చీర, కారుతున్న పంపు

నా పాత కారుకి నీళ్ల పంపు కారుతోంది. కొత్తది దొరికేదాకా బండిని ఊరు దాటించొద్దని తెనాలి మెకానిక్ చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఆ మధ్యాహ్నం రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. అమ్మేమో బాపట్లలో మా చెల్లెలి ఇంట్లో ఉంది. అద్దె కారు గంటలో వస్తుందన్నారు. గంటసేపు గుమ్మంలో నిలబడే ఓపిక నాకెప్పుడూ లేదు. తాళాలు తీసుకున్నాను.

మా ఇళ్లలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది వచ్చేదాకా పాడె లేపరు. అలాగని పొద్దుగూకాక ఉంచనూ ఉంచరు. పెద్దమ్మ పుట్టింట్లో మిగిలింది అమ్మ ఒక్కతే.

పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి అమ్మ చంకలో బట్టల కొట్టు సంచితో వీధిలోనే నిలబడి ఉంది. ఎక్కగానే "పోనియ్‌రా" అంది. ఏడవలేదు.

చెరుకుపల్లి ఇంకా రాకముందే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. డిక్కీలో ఖాళీ డబ్బా తప్ప చుక్క నీళ్లు లేవు. డెల్టాలో పుట్టినవాళ్లం, రోడ్డు పక్కనే కాలువ ఉండగా నీళ్లు మోసుకెళ్లే అలవాటు మాకెక్కడిది? డబ్బా పట్టుకుని గట్టు దిగితే కాలువ అడుగున అన్నీ బీటలే. ఎండాకాలమని కాలువలు కట్టేశారు. ఆ సంగతి తెలిసీ గుర్తురాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "ఎక్కడున్నారన్నయ్యా? పెద్దోళ్లు తొందరపడుతున్నారు."

"వచ్చేశాం, వచ్చేశాం" అని అబద్ధమాడాను.

రోడ్డుకి అటుపక్క రొయ్యల చెరువు ఉంది. మేత చల్లుతున్న పెద్దాయన్ని నీళ్లడిగాను.

"ఉప్పునీళ్లండి. ఇంజను పాడైపోద్దండి" అన్నాడాయన.

ఏళ్ల తరబడి ముద్దుచేసి నిలబెట్టుకున్న బండి. నా చెయ్యి ముందుకు రాలేదు.

"పోతే పోద్ది, పొయ్యరా!" అని అమ్మ కారులోంచి అరిచింది.

తీరా పోద్దామంటే ఇంజను చల్లారేదాకా రేడియేటర్ మూత తియ్యకూడదు. కారు చుట్టూ తిరిగాను. మూత ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నాను. మళ్లీ తిరిగాను. ఎండ పచ్చబడుతోంది. ఎట్టకేలకు పోశాను. పెద్దాయన ఇచ్చిన క్యాన్లలో ఇంకాసిని నింపుకుని, దారిలో ఆగుతూ పోసుకుంటూ రేపల్లె చేరాం.

పాడె సిద్ధంగా ఉంది. జనం పక్కకి తప్పుకున్నారు. అమ్మ చీర మడత విప్పి, పెద్దమ్మ పాదాల నుంచి మెడదాకా కప్పి, అంచు సర్దింది. అప్పుడు బావురుమంది.

"నీకు నేను తెచ్చానే అక్కా. నాకెవరు తెస్తారే?"

నేనున్నానమ్మా అనబోయి ఆగిపోయాను. నేను కొడుకుని, పుట్టింటివాణ్ణి కాను.