నీళ్లతొట్టిలో పన్నెండు చెంచాలు

ఆత్మకూరు బస్టాండు ఎదుట ముప్పై ఏళ్లు టైపు కొట్టాను. బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది గానీ, టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల కంటే అర్జీలు కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. సోమశిల డ్యాము కింద ఊళ్లు మునిగినవాళ్లు, చేజర్ల రైతులు, ఉద్యోగం కోసం తిరిగే కుర్రాళ్లు, అందరి మొరా నా మిషను మీదుగానే సర్కారుకు చేరేది. నా ఇంగ్లీషంటే నాకు మహా గర్వం. ఉన్న మనిషిని ఒక పేజీలో నాలుగు మెట్లు పైకెక్కించి చూపడమే పనితనం అనుకునేవాణ్ణి. ఆ గర్వాన్ని దించింది ఉదయగిరి జైతూన్‌బీ.

దుర్గం కొండ కింద చెక్క చెంచాలు చేసే ఇళ్లలో ఆమెది ఒకటి. మొగుడు నబీ రసూల్ కొండెక్కి నర్ది, బిక్కి కొమ్మలు కొట్టుకొచ్చి ముక్కలు కోసేవాడు. ఆ పచ్చి ముక్కల్ని ఆమె ఉలితో, ఆకురాయితో చెంచాలుగా, గరిటెలుగా మలిచేది. ఏడేళ్ల వయసులో తల్లి పక్కన కూర్చుని మొదలుపెట్టిందట. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లయి పదమూడేళ్లయినా పిల్లలు లేరు. ఎవరైనా జాలి పడబోతే, "నాకు చెంచాలుండాయి, నీకేముండాదో చెప్పు" అనేది. ఆమె నోటికి జడిసి ఊళ్లో ఎవరూ రెండోసారి జాలి పడలేదు.

ఒకసారి మద్రాసు షాపు నుంచి పెట్టెడు చెంచాలు తిరిగొచ్చాయి. పులుసు తగిలితే నల్లబడుతున్నాయి, నాలుగు నెలలకు పగులుతున్నాయి, గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరావు అని ఇంగ్లీషులో చీటీ పెట్టారు. నబీ రసూల్ ఆ చీటీని నా దగ్గరకు తెచ్చి చదివించుకున్నాడు. వెంట వచ్చిన జైతూన్‌బీ ముఖం కందగడ్డలా అయింది.

"అన్నం తినేదానికి చేసినదాన్ని గోడకు తగిలించేదేంది?" అంది. ఆ మాట ఆమెకు ముల్లులా దిగిపోయింది. చెక్కను ఎలా ఆరబెడితే పగలదు, ఏం పూస్తే పులుసు పట్టదు అని కనపడిన వడ్రంగినల్లా అడిగేది. ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

1983లో హస్తకళల ఆఫీసువాళ్లు ఇంగ్లండులో ఒక ఊళ్లో జరిగే ప్రదర్శనకు పంపడానికి ఆమెను ఎంచుకున్నారు. జనం ముందు కూర్చుని చెంచాలు చేసి చూపించాలి. పాస్‌పోర్టు దరఖాస్తు నేనే కొట్టాను. ఏప్రిల్లో వెళ్లింది. అక్కడ దిగగానే, విజిటరుగా ఆరు నెలలుండొచ్చని పాస్‌పోర్టులో ముద్ర వేశారట. నెల్లూరు దాటి ఎరగని మనిషి విమానమెక్కిందని ఉదయగిరి, ఆత్మకూరు రెండూ వారం రోజులు అదే చెప్పుకున్నాయి.

జూలైలో ఆమె నుంచి నా పేరుమీద ఉత్తరం వచ్చింది. నబీ రసూల్‌కు చదువు రాదు కాబట్టి ఆమె ఉత్తరాలన్నీ నాకే వచ్చేవి. అతను బస్సులో వచ్చి వినిపోయేవాడు.

"అన్నా, మా ఆయనకు నిదానంగా చదివి వినిపించు" అని మొదలైంది ఉత్తరం. "ఇక్కడ చెక్కపని నేర్పే కాలేజీ ఒకటుండాది. చెక్క ఆరబెట్టే గది వేరే, నూనె పట్టించే గది వేరే. నేను మద్రాసు పెట్టె సంగతి చెప్తే, ఆ కాలేజీ టీచరమ్మ, ఒక్క ఏడాది చదువుకో, ఫీజు వద్దు, మా ఇంట్లోనే ఉండు అనింది. అయితే నా ముద్ర విజిటరుది. దాన్ని స్టూడెంటుగా మార్పించుకోవాల. ఇప్పుడు ఇంటికొచ్చి మళ్లీ రావాలంటే టిక్కెట్టు ఎవరిస్తారు? చదువు కాంగానే నేను మళ్లీ మన ఊరికి పోతానని ఆఫీసరుకు నమ్మకం కుదరాలంట. మన ఇంటికాడి నుంచి ఒక కాయితం కావాల. అక్టోబరులోపల ఇది తేలకపోతే నేను వచ్చేయాల్సిందే. ఆయన వద్దంటే ఇప్పుడే వచ్చేస్తాను."

చదవడం ఆపి నబీ రసూల్ వంక చూశాను. అతను బల్ల అంచు గోకుతూ కూర్చున్నాడు.

"ఏమంటావయ్యా?"

"ఏడాదంటే ఏడాదేనా సారూ?"

"అలాగే రాసింది."

"మద్రాసు పెట్టె వచ్చినకాడి నుంచి దానికి కంటిమీద కునుకు లేదు. చదవనీ. కాయితం కొట్టండి" అన్నాడు చివరికి.

కొట్టాను. ఎలా కొట్టానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ దంపతులకు సంగం కాలువ కింద పన్నెండు ఎకరాల మాగాణి, రెండంతస్తుల మిద్దె, వీటన్నిటినీ చూసుకోవడానికి ఆమె తిరిగి రాక తప్పదు అని రాశాను. మా వైపు టైపిస్టుల రివాజే అది. మనిషి నిలకడ గలవాడని చెప్పాలంటే ముందు మాగాణి రాస్తాం. ఎంత పేదవాడి అర్జీలోనైనా ఎకరాలు మొలుస్తాయి.

చదివి చెప్తే నబీ రసూల్ నోరు తెరిచాడు. "మాకు మాగాణి ఏడుండాది సారూ? ఇంటి ముందర తులసి చెట్టంత జాగా కూడా లేదే!"

"నువ్వూరుకోవయ్యా. ఆఫీసరు ఇక్కడికొచ్చి కొలుస్తాడా ఏంది?" అని కసిరి సంతకం పెట్టించాను.

కొలవలేదు. ఆమెనే అడిగాడు.

సెప్టెంబరు మొదట్లో వచ్చిన ఉత్తరంలో పలకరింపులు లేవు. "ఆఫీసరు నా ఎదురుగా కూర్చోని, పన్నెండు ఎకరాల్లో ఏం పైరు పెడతారు అని అడిగినాడన్నా. హైదరాబాదు ఆమె ఒకరు ఉర్దూలో నాకు చెప్పినారు. మాకు ఎకరాల్లేవు సార్, ఎవురు రాసినారో నాకు తెలీదు అన్నాను. ఆయన కోప్పడలేదు. భూమి లేదు, పిల్లల్లేరు, మరి నువ్వు ఎందుకు తిరిగిపోతావు అన్నాడు. మా ఊరు కాబట్టి సార్ అన్నాను. ఆ మాట కాయితంలో చూపించమని మూడు వారాలు గడువిచ్చినాడు. అన్నా, నా బతుకులో దాచిపెట్టుకోవాల్సింది ఏముండాదని అబద్ధం రాసినావు? ఉన్నది రాస్తే చాలదా?"

ఆ రోజు నేను ఒక్క పేజీ కూడా కొట్టలేదు. నాకు కోపం వచ్చింది, ముందు ఆఫీసరు మీద, తర్వాత ఆమె మీద. సాయంత్రానికి అది రావాల్సినచోటికే వచ్చింది. మర్నాడు పొద్దున్నే దుకాణం మూసి ఉదయగిరి బస్సెక్కాను.

ఎందుకెక్కానంటే, ఉన్నది రాయాలంటే ఏముందో చూడాలి కదా. అన్నేళ్లుగా వాళ్ల కాగితాలు కొడుతూ వాళ్ల గడప తొక్కలేదు నేను.

ఒక గది, ముందు పంచ. పంచలో రాతి తొట్టి. నబీ రసూల్ అందులోని పాతనీళ్లు తోడి పోసి, బిందెతో కొత్తనీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి బిందె కింద పెట్టాడు. తొట్టి అడుగున ఏవో చెక్కముక్కలు కనిపించాయి.

"ఏంది రసూలూ అవి?"

"జైతూను పట్టిన చెంచాలు సారూ. సగం చేసి పెట్టి పోయింది. పచ్చిచెక్క నీళ్లలో ఉంటే పగలదు. ఆరిందంటే నెర్రె ఇచ్చేస్తది. రోజూ పొద్దున నీళ్లు మారుస్తా."

"నువ్వు పూర్తి చేసి అమ్ముకోరాదా?"

నేనేదో కానిమాట అన్నట్టు చూశాడు. "మా ఇళ్లల్లో ఒకరు పట్టిన చెక్క ఇంకొకరు పట్టరు సారూ. మనిషి పోతే వాళ్లు పట్టినవి పొయ్యిలో పెడతాం. ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడైనా అంతే, ఉన్నవన్నీ పూర్తి చేసి పోతది, లేకుంటే పొయ్యిలో పెట్టి పోతది. సగంలో పెట్టి పోవడమంటే..."

తొట్టిలోకి చూశాడు.

"అంటే?"

"మళ్లొస్తానని."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదయ్యా నాకు?"

"మీరు అడగలేదు కదా సారూ. మాగాణి రాసినారు."

నేను ఆ పంచలోనే కూర్చుండిపోయాను. అతను టీ తెప్పించాడు. తొట్టిలో చెంచాలు ఎన్ని ఉన్నాయని అడిగితే పన్నెండన్నాడు. అతను చెప్పినదాన్ని చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకుని, అతన్ని వెంటబెట్టుకొచ్చి ఇంగ్లీషులో కొట్టి సంతకం పెట్టించాను. మాకు భూమి లేదు. పిల్లలు లేరు. ఒక గది ఇల్లు, కొండ మీద చెక్క, ఇద్దరి చేతులు ఉన్నాయి. నా భార్య పన్నెండు చెంచాలు సగం చేసి నీళ్లలో పెట్టి వెళ్లింది. మా ఆచారం ప్రకారం వాటిని ఆమె తప్ప ఎవరూ ముట్టరు. నేను రోజూ నీళ్లు మారుస్తున్నాను. అంతే. ఆరు వాక్యాలు. అంత చిన్న కాగితం నా జన్మలో కొట్టలేదు. పోస్టుడబ్బా దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి వేశాను. ఎకరాలు లేని కాగితాన్ని ఎవరు లెక్కచేస్తారన్న భయం నాకు పోలేదు.

అక్టోబరు రెండో వారంలో ఉత్తరమొచ్చింది. నబీ రసూల్ దాన్ని చేతికి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చాడు.

"ఆఫీసరు రెండుసార్లు చదువుకున్నాడన్నా. ఆ చెక్క నీళ్లలో ఎన్నాళ్లు చెడిపోకుండా ఉంటాదని అడిగినాడు. నీళ్లు మార్చే మనిషి ఉన్నన్నాళ్లు ఉంటాది సార్ అన్నాను. హైదరాబాదు ఆమె ఆ మాట ఇంగ్లీషులో చెప్పినారు. ముద్ర మార్చినారు. ఇప్పుడు నేను స్టూడెంటును. ముప్పై రెండేళ్లకు మళ్లీ బడికి పోతుండాను. ఆయన్ను నవ్వొద్దని చెప్పు."

నబీ రసూల్ నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, "బస్సుకు టైమైంది సారూ" అని లేచాడు. బస్సుకు ఇంకా గంటుంది.

1984 జూలై ఆఖర్లో ఆమె తిరిగొచ్చింది. నేనూ వాళ్లతోపాటే ఉదయగిరి వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు, ఉండబట్టక వెళ్లాను. దారి పొడుగునా నూనెల పేర్లు, ఆరబెట్టే గది కట్టాల్సిన కొలతలు ఆమె చెప్తూనే ఉంది. ఇంటికి చేరగానే సంచీ పంచలో పడేసి, చెయ్యి భుజందాకా తొట్టిలో పెట్టింది. నల్లబడి, నాచు పట్టిన ముక్కల్ని ఒక్కొక్కటే తీసి అరుగు మీద పేర్చింది. ఉలితో ఒకదాన్ని గీకింది. లోపల చెక్క తెల్లగా, పచ్చిగా ఉంది. ఆమె సంతోషం చూడాలి!

తర్వాత లెక్కపెట్టింది. "పదకొండే ఉండాయి. నేను పెట్టి పోయింది పన్నెండు, నువ్వు రాసిందీ పన్నెండే కదన్నా?"

నేను నబీ రసూల్ వంక చూశాను. అతను తల దించుకుని లోపలికెళ్లి, అటక మీంచి గుడ్డలో చుట్టిన చెంచా తెచ్చాడు. ఎండిపోయి, చెంచా గుంటలో అడ్డంగా నెర్రె ఇచ్చింది.

"ఏడాది ఉంటానని నువ్వు రాసినప్పుడు తీసినా" అన్నాడు. "ఇంక రాదులే అనుకోని పొయ్యిలో పెట్టబోయినా. పెట్టలేకపోయినా. అప్పటికే ఆరిపోయింది."

అంటే పంచలో కూర్చుని పన్నెండని అతను చెప్పిననాటికి తొట్టిలో ఉన్నవి పదకొండే. నా జన్మలో కొట్టిన ఒకే ఒక్క నిజమైన కాగితంలోనూ ఒక అబద్ధముందన్నమాట. ఆమె నోరు ఎరిగినవాణ్ణి కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగాను.

ఆమె ఆ చెంచా తీసుకుంది. నెర్రెను వేలితో తడిమి చూసింది. సంచీలోంచి ఒక డబ్బీ తీసి, అందులోని జిగురును చెక్కపొడిలో కలిపి మెత్తగా పిసికి, నెర్రెలో పూడ్చింది. "చదువుకున్నది ఇదే" అంది. తర్వాత ఆకురాయి తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"నీళ్లలోంచి తీసి నువ్వు పట్టినావు కదా. ఇది నువ్వే పూర్తి చెయ్యి."

పులుసు పట్టని చెంచాలు ఉదయగిరి నుంచి మద్రాసుకు మళ్లీ పెట్టెలుగా వెళ్లాయి. తను పూర్తి చేసిన పదకొండూ ఆమె అమ్మేసింది. వంకరగా, గుంటలో మచ్చతో ఉన్న పన్నెండోదాన్ని మాత్రం అడిగినవాళ్లెవరికీ ఇవ్వలేదు. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా చూశాను. అది గోడ మీద లేదు. వాళ్ల పులుసు గిన్నెలో ఉంది.