తలుపు బయట కథ

ప్రసూతి వార్డు ఆయాకి ఒక పేరంటూ ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె ఊఁ పిన్నే.

కాన్పయ్యాక మొదటిసారి మంచం దిగే తల్లికి కళ్ళు తిరుగుతాయి. ఆమెను బాత్రూము దాకా నడిపించడం పిన్ని పని.

"తలుపు దగ్గరికి వేసుకో తల్లీ, గడియ మాత్రం పెట్టకు. నేనిక్కడే నిలబడి కథ చెప్తుంటా, నువ్వు ఊఁ కొడుతుండు. ఊఁ ఆగిందా, లోపలికొచ్చేస్తా. సిగ్గూ గిగ్గూ చూడను" అనేది.

ఎప్పుడో ఒకావిడ గడియ పెట్టుకుని లోపల పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. ఆవిడ బతికి బట్టకట్టింది గానీ, పిన్నికి ఆ తలుపంటే అప్పట్నుంచీ పడదు.

చెప్పే కథ ఒక్కటే. వాళ్ళాయన సైకిలు నేర్చుకున్న కథ. ఎక్కడం వచ్చిందట, దిగడం రాలేదట. ఎవరైనా పట్టుకుని ఆపుతారేమోనని వీధంతా చుట్లు కొడుతూనే ఉన్నాడట. చివరికేమైందో వార్డులో ఎవరికీ తెలీదు, కథ సగంలో ఉండగానే తల్లులు బయటికి వచ్చేస్తారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, పిన్నికి కథ చెప్పడం రాదు. ఊరికే సాగదీస్తుంది.

ఆ కథ చివరిదాకా తెలిసింది పిన్ని కూతురికే. చిన్నప్పట్నుంచీ విని విని చెవులు చిల్లులు పడ్డ పిల్ల. ఊఁ కొట్టవే అంటే మూతి ముడుచుకునేది. పంతంలో తల్లిని మించిపోయింది. ఇప్పుడు అదే వార్డులో, కిటికీ పక్క మంచం మీద మొదటి కాన్పై పడుకుంది. పక్కన ఉయ్యాల్లో గుప్పిళ్ళు బిగించుకుని ఆడపిల్ల. మనవరాలిని చూసినప్పట్నుంచీ పిన్ని కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

కూతురిని లేవదీసి మెల్లగా బాత్రూము దాకా నడిపించింది.

"అమ్మా, నీ కథ నాకొద్దు. ఊఁ కూడా కొట్టను" అంది కూతురు.

"కథ వద్దంటే పోయె. ఊఁ అను, చాలు."

"అనను."

తలుపు దగ్గరికి పడింది. పిన్ని ఊరుకుంటుందా? "మీ నాన్న సైకిలెక్కాడు..." అని మొదలెట్టింది. లోపల చప్పుడు లేదు. గబుక్కున తలుపు తోసింది.

"అమ్మా! బుద్ధుందా నీకు? పో బయటికి!"

పిన్ని నాలుక్కరుచుకుని బయటికొచ్చింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ చప్పుడు లేదు. చెయ్యి తలుపు మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఎంతోమంది ఆడపిల్లల ఊఁలు విన్న మనిషి, తన పిల్ల దగ్గర తికమకపడింది. పంతమేలే అనుకుంది. అలా అనుకున్నాక మనసొప్పలేదు. తిడితే తిట్టనీ అని తలుపు తోసేసింది.

కూతురి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గోడకి ఆనుకుని కిందికి జారిపోతోంది. పిన్ని చంకల కింద చేతులు వేసి పట్టుకుని, ఆ తడి నేల మీదే కూలబడి, ఒళ్ళో పడుకోబెట్టుకుని నర్సు కోసం కేకలు పెట్టింది.

రక్తం ఎక్కువ పోయిందని డాక్టరమ్మ సూది వేసింది, సెలైను పెట్టింది. భయం లేదని చెప్పాక గానీ పిన్ని కూతురి చెయ్యి వదల్లేదు. వదిలాక, దుప్పట్ల గదిలోకి వెళ్ళి ఏడ్చింది. తలుపు మీద ఆగిపోయిన తన చేతిని తనే తిట్టుకుంది.

మర్నాడు కూతురు మళ్ళీ మంచం దిగింది. తల్లి భుజం పట్టుకుని నడిచింది. తలుపు దగ్గరికి పడింది, గడియ పడలేదు. పిన్ని గోడకి వీపు ఆనించి కథ అందుకోబోయింది. వార్డు వార్డంతా వినిపించిన కథ, ఒక్క ముక్క నోటికి రాలేదు.

"ఊఁ" అని లోపల్నుంచి వినిపించింది.

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఊఁ" అంది కూతురు మళ్ళీ, ఈసారి కాస్త గట్టిగా. "నాన్న సైకిలెక్కాడు. తర్వాత?"