నడిమింట్లో బల్బు

డిగ్రీ పాసైనానని ఫోన్లో చూసుకున్న నిమిషానికే ఆ ఫోన్ చచ్చిపోయింది. ఛార్జింగ్ పెడదామంటే ఇంట్లో కరెంటు లేదు. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఆ సంతోషం కడుపులో పట్టక, సరుగుడు తోపు దాటి చిట్టమూరు బస్సు ఆగే చోటిదాకా ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకుంటా పోయినా.

"సరేమే, పాసైతివి. ఆ ఇంట్లో ఎట్టుంటుండారు మీరు?" అనింది రొయ్యల గుంటకాడ పనిచేసే అక్క.

అందరూ అదే అడిగేది. మేం కొనకముందు ఆ ఇంటికి రెండేళ్లు తాళం. అందులో ఉండిన ముసలాయన నడిమింట్లోనే పోయినాడు. ఆయన భార్య కూతురికాడికి వెళ్లిపోయింది. అయినా పొద్దుగూకితే నడిమింటి కిటికీ సందులోంచి వెలుతురు కనపడేదంట. బిల్లు కట్టలేదని చివర్లో కరెంటోళ్లు స్తంభం మీద వైరు తెంచినాక గూడా చూసినామన్నోళ్లు ఉండారు.

కొత్త కరెంటు కోసం నాయనా నేనూ ఆఫీసుకి పోయినాం. "ఆ ఇంటి మీద పాత బాకీ ఉంది. అది తీరందే కొత్త సర్వీసు ఇయ్యం, పేరూ మార్చం" అన్నాడు గుమాస్తా. పోనీ సోలార్ పెట్టుకుందామంటే, దానికీ బాకీ లేదనే కాగితం కావాలంట.

"చచ్చిపోయిన మనిషి కాల్చిన కరెంటుకి నేనెందుకు కట్టాల సార్?" అన్నాడు నాయన.

"చచ్చినాక కాల్చిందే ఎక్కువుందయ్యా" అని కాగితం నా చేతిలో పెట్టినాడాయన.

చదివినా. మనిషి లేని ఇంట్లో రెండేళ్లు, నెలనెలా ఒకే తీరుగా, ఎవరో నిదానంగా ఊపిరి తీసుకుంటున్నట్టు మీటరు తిరిగింది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ చాప చుట్టేసింది. "ఈ వారంలో లైటు రాకపోతే నేను మా అమ్మోళ్లింటికి పోతా. ఇల్లు ఎవురికైనా అమ్ముకోండి" అనింది. నాయన ఉన్నదంతా ఆ ఇంటి మీదే పెట్టుండాడు.

మర్నాడు నేనే వెంకటాచలం ఊరికి పోయి, కూతురికాడుండే ఆ ముసలాయన భార్యను పట్టుకున్నా. గడపలోనే "అవ్వా, నేను డిగ్రీ పాసైనా!" అన్నా. తర్వాతే బాకీ సంగతి.

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ప్రాణం పోయినచోట దీపం పెట్టాల గదా పాపా. ఆ సముద్రం గాలికి ఒత్తి నిలిస్తేనా? బల్బేసినా. పదకొండో రోజు ఆర్పేదానికి చెయ్యి రాలా. అట్నే తాళమేసి వచ్చేసినా. ఆయన కోసం కాలింది, నేనే కడతా."

కట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం లైన్‌మన్ అన్న స్తంభమెక్కినాడు. అవ్వ గూడా వచ్చింది. "స్విచ్చులన్నీ ఆపేయ్ పాపా" అని ఆ అన్న ముందే చెప్పుంటే, నా చేత్తో నేనే అన్నీ పైకి నెట్టి ఆపేసినా. అందరం వాకిట్లోనే నిలబడుండాం.

"వచ్చిందా?" అని అరిచినాడు పైనుంచి.

వచ్చింది. నడిమింట్లో ఒక్క బల్బే వెలిగింది. లోపలికి పోయి చూస్తే దాని స్విచ్చి కిందికి దిగుంది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయట సరుగుడు చెట్ల హోరు తప్ప చప్పుడు లేదు. అవ్వ మాత్రం బల్బు కింద నిలబడి, అన్నానికి పిలిచినంత మామూలుగా మాట్లాడింది.

"చాల్లేయ్యా ఇంక. నువ్వు కాపలా ఉండబళ్లా. డిగ్రీ చదివిన పాప వచ్చింది ఇంట్లోకి."

స్విచ్చి ఆపింది. మేమందరం తలెత్తి చూస్తా నిలబడినాం. మళ్లీ వెలగలా.

కాసేపటికి అమ్మ నా చెయ్యి వదిలి, చుట్టేసిన చాప తెచ్చి ఆ నడిమింట్లోనే పరిచింది. "లైటెయ్‌మే. ఫోన్ ఛార్జింగ్ పెట్టి నీ పాసు మార్కులు అవ్వకి చూపీ" అనింది.

వేసినా. అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు స్విచ్చి వెచ్చగా ఉండింది.