ఓబుళమ్మ అత్త ఈత తొట్టి

పొద్దున్నే బ్లీచింగ్ పౌడరు డబ్బా మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చేతులు ఎంత రుద్ది కడిగినా మధ్యాహ్నం పెరుగన్నం కలిపేదాకా ఆ వాసన వేళ్లను వదలదు. మా పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనతో పాటే మా అత్త ఓబుళమ్మ కళ్ల ముందుకొస్తుంది. చీర మోకాళ్ల పైకి దోపుకుని, పొడుగాటి కర్రకు కట్టిన వలతో నీళ్ల మీది వేపాకులు ఏరుతూ ఉంటుంది. నల్లమాడ చుట్టుపక్కల ఆమెను ఎరగని వాళ్లు తక్కువ. మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను.

మామ కాంట్రాక్టులు చేసేవాడు, మండల రాజకీయాల్లో తిరిగేవాడు. బెంగళూరులో ఒక స్నేహితుడి ఇంట్లో చూసి వచ్చి, కొత్త ఇల్లు కట్టినప్పుడు పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. ఊరివాళ్లు దానికి ఈత తొట్టి అని పేరు పెట్టారు. గృహప్రవేశం నాడు వచ్చిన పెద్దలంతా దాని చుట్టూ నిలబడి ఫొటోలు దిగారట. నీళ్లలోకి మాత్రం ఒక్కరూ దిగలేదు, ఎవరికీ ఈత రాదు. నేను కొత్తచెరువు నుంచి కోడలిగా వచ్చేసరికి, బెంగళూరు నుంచి వచ్చి శుభ్రం చేసిపోయే మనిషి రావడం మానేశాడు. నీళ్లు గోరింటాకు రుబ్బినట్టు పచ్చబడి, కప్పలు కాపురం పెట్టాయి. మామ విసిగిపోయి, మట్టి పోసి పూడ్చి కార్లకు షెడ్డు వేయిస్తానన్నాడు.

అత్త అప్పుడు వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. తల ఎత్తకుండానే అంది: "ఈ సీమలో నీళ్లు నిలిచే గుంతను మన్నేసి పూడిస్తే జనం నగుతారప్పా. దాన్ని నేను చూసుకుంటా."

"నీకేం తెలుసునని చూసుకుంటావు?"

"కట్టిచ్చేటప్పుడు నీకేం తెలుసు?"

మామ నవ్వి ఊరుకున్నాడు. మరుసటి రోజే అత్త నన్ను వెంటబెట్టుకుని కదిరి బస్సెక్కింది. బ్రష్షులు, బ్లీచింగ్ పౌడరు, ఒక వల తెచ్చాం. నీళ్లలో కలిపి పోయాలని తెలియక ఆమె పొడిని గుప్పిళ్లతో విసిరింది. మా ఊరి గాలి ఎట్లాంటిదో తెలుసు కదా, సగం ఆమె మీదికే తిరిగొచ్చింది. సాయంత్రానికి నేరేడు రంగు చీర నిండా తెల్లటి మచ్చలు. "పోనీలే, కొత్త డిజైను పడింది" అని, ఆ చీరనే తొట్టి పనికి వాడుకుంది. గోడల పాచి ఇద్దరం గీకి గీకి తీశాం. మోటారు మెకానిక్కు వస్తే పక్కనే పీట వేసుకుని కూర్చుని, విప్పిన ప్రతి సామానూ ఎందుకని అడిగింది. చెడగొట్టడం, మళ్లీ బాగు చేయడం చాలాసార్లు అయ్యాక, ఒక పొద్దున అడుగున నీలం పలకలు కనిపించాయి. ఆ రోజు అందరికీ టీ అక్కడే, తొట్టి గట్టు మీద.

ఒకనాడు శుభ్రం చేస్తూ ఉంటే ఫిల్టరు మూత జారి లోతులో పడింది. ఏమీ ఆలోచించకుండా దూకి తీసుకొచ్చాను. చిన్నప్పుడు మా నాయన నా నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి మా మడికాడి బావిలో వదిలేవాడు, ఈత నాకు అట్లా వచ్చింది. పైకి తేలాక గాని భయం వేయలేదు. కొత్త కోడల్ని, తడి బట్టలతో పెరట్లో నిలబడ్డాను. అత్త నా వైపే చూస్తూ ఉంది.

"నీకు ఈత వస్తాదా? ఇన్నాళ్లు ఎందుకు చెప్పల్యా?"

"ఎవరూ అడగలేదత్తా."

మూత నా చేతిలోంచి తీసుకుని, "నాకు నేర్పిస్తావా పాపా?" అంది. అప్పటికే ఆమె తల సగం నెరిసింది.

నా చుడీదారు కుట్లు విప్పి వదులు చేసి ఆమెకు తొడిగాను. నీళ్లు మింగింది, దగ్గింది, "చంపుతాండావే నన్ను" అని తిట్టింది. కాళ్లు ఆడించమంటే ఆడించింది, ఊపిరి పట్టమంటే పట్టింది. నీళ్లలో నేను గట్టిగా అరిచినా చెప్పినట్టు వినేది. వంటింట్లోకి రాగానే మళ్లీ అత్తే. పప్పులో ఉప్పెక్కువైతే వదిలేది కాదు. వెల్లకిలా తేలడం వచ్చిన రోజు చాలాసేపు కదలకుండా పడుకుని, "ఆకాశం ఇంత ఉండాదని తెలీదు పాపా" అంది.

తర్వాత ఒక వేసవిలో మా ఇంటిది తప్ప ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు కాడ బిందెలు పెట్టుకుని నిలబడిన వాళ్లలో గొర్రెలు కాసుకునే లింగమ్మ, అటుగా పోతున్న మాకు వినపడేటట్టే అంది: "మనకు తాగనీకి దిక్కుల్యా. పెద్దోళ్లకు ఈతలు గావాల్నంట."

అత్త ఆ పూట అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే లింగమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తొట్టి మీద కప్పిన టార్పాలిన్ పట్ట ఎత్తి చూపించింది.

"ఇవి తాగే నీళ్లయితే నీకిచ్చేదాన్ని. మందేసిన నీళ్లమ్మా, గొడ్లు గూడా తాగవు. ఎండకు ఎగిరిపోకుండా పట్ట కప్పుకుంటాండా. మిద్దె మింద పడే వానే దీనికి పోస్తాండా."

"అయితే దీంతో మాకేం వస్తాదమ్మా?" అంది లింగమ్మ.

అత్త నా వైపు చూసింది, మళ్లీ లింగమ్మ వైపు తిరిగింది. "నీ బిడ్డను పంపీ. ఈత నేర్పిస్తాం."

"నీళ్లే లేని ఊర్లో ఈతెందుకమ్మా?" అని లింగమ్మ నవ్వేసింది. కానీ కూతురు అనితను పంపింది. ఆ వారంలోనే అత్త మా ఇంటి బోరు నుంచి ప్రహరీ బయటికి కొళాయి పెట్టించింది. దానికీ, ఊరి పిల్లలు మన తొట్టిలో దిగడమేమిటని కూడా మామ గొణిగాడు. "నీళ్లకు లేని బాధ నీకెందుకప్పా?" అంది ఆమె. మెల్లమెల్లగా ఊళ్లోని ఆడపిల్లలంతా వచ్చారు. నేను నీళ్లలో, అత్త గట్టు మీద. ఎవరు వణుకుతున్నా ముందు తాను దిగి చెయ్యి చాపేది.

వానలు బాగా పడిన ఏడాది, చేలల్లో తవ్విన నీటికుంటలన్నీ నిండాయి. లోపల ప్లాస్టిక్ పట్ట పరిచిన కుంటలో గొర్రెపిల్లను పట్టుకోబోయి అనిత జారింది. ఆ పట్ట పాచి పట్టి ఉంటుంది, ఎక్కబోతే కాలు నిలవదు. పిల్ల కొట్టుకోకుండా వెల్లకిలా తేలి అరుస్తూ ఉందట. పక్క చేనోళ్లు విని తాడు వేసి లాగారు. ఆ సాయంత్రం లింగమ్మ వచ్చి తొట్టి గట్టు మీద అత్త పక్కనే కూర్చుంది. కాళ్లు నీళ్లలోకి జార్చింది. "నాకు గూడా నేర్పిస్తారామ్మా?" అంది. అత్త ఎంత నవ్విందో, లోపలి నుంచి మామ బయటికొచ్చి చూశాడు.

మోకాళ్లు అరిగాక అత్త వేపచెట్టు కింద కుర్చీలోకి మారింది. కొన్నాళ్లు అక్కడి నుంచే అన్నీ చెప్పేది. ఒకసారి నీళ్లు పాలలాగా మసకబారాయి. ఏం చేయాలని అడిగితే, "నన్నడగొద్దు. నాకెవురు జెప్పినారు?" అని మొహం అటు తిప్పుకుంది. కోపమొచ్చింది నాకు. ఆ కోపంతోనే ఫిల్టరు విప్పి, లోపలి ఇసుక మార్చి, పడరాని పాట్లు పడ్డాను. నీళ్లు తేటపడిన రోజు ఆమె కొంగు ముడి విప్పి మోటారు గది తాళం చెవి నా చేతిలో పెట్టింది. ఆ చలికాలంలోనే పోయింది.

ఈ మధ్య మా అమ్మాయి దగ్గర కారు నడపడం నేర్చుకుంటున్నాను. కూతురి చేత తిట్లు తింటూ ఈ వయసులో ఎందుకని మా చెల్లెలు అడిగింది. నాకు అందులో చిన్నతనమేమీ తోచలేదు. తోచకుండా చేసిన మనిషి ఇంట్లో ఇన్నేళ్లు బతికాను. మొన్న నల్లమాడ బస్టాండు ఎదురుగానే బండి ఆగిపోయింది. వెనక ఆటోలవాళ్లు హారన్లు కొడుతున్నారు, టీ బంకు కాడ జనం లేచి చూస్తున్నారు. "క్లచ్ మెల్లగా వదలమంటే వినవే" అని అమ్మాయి విసుక్కుంది.

"ఇంకోసారి చెప్పు పాపా" అన్నాను.