చాట చెరిగినంతసేపు

దయ్యాల మాటెత్తితే మొహం మీదే నవ్వే బడిపంతులును నేను. శ్మశానం పక్కనుంచే రోజూ సైకిలు మీద బడికి పోయేవాణ్ణి. అందుకే నా నోటితో ఈ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

అరవయ్యో దశకం మొదట్లో నల్గొండలో పనిచేస్తూ, నాకు ప్రాణప్రదమైన ఒక కవి వస్తువులు, రాతప్రతులు సేకరిస్తుండేవాణ్ణి. ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. కరువు మీద రాసిన కావ్యానికి ఒకే ఒక్క రాతప్రతి తమ ఇంట్లో ఉందని, ఇంకా ఎవరికీ వినిపించలేదని బతికుండగా ఆయనే నాతో అన్నారు. దాన్ని అచ్చువేయించాలని తిరుమలగిరి దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను.

ఆయన భార్య కళ్లద్దాలు, కలం, రుమాలు తెచ్చి నా ముందు పెట్టింది. కాగితాల కట్ట సంగతి అడిగాను.

"గూట్లె ఉన్న కట్టనా బిడ్డా? నానబెట్టి, మెంతులేసి రుబ్బి, చాటకు సందులు పూడేటట్టు అలికిన. పనికిరాని కాయితాలు నాకోసమని ఆయన గా గూట్లెనే పెట్టేటోడు" అంది.

చదువు రాని మనిషిని ఏమని తిడతాను? అయినా తిట్టాను. "కొంప ముంచినవ్ గదమ్మా!" అని అరిచాను. సంగతి అర్థమై ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నామీద నాకే అసహ్యం వేసింది.

కాసేపటికి, తినకుండా పోవద్దని, అదే చాటలో బియ్యం పోసి చెరగసాగింది. పట్టపగలు. ఇంట్లో మేమిద్దరమే. ఆ చెరిగే చప్పుడులోంచి ఆయన గొంతు కవిత చదువుతోంది! సభల్లో ఎన్నోసార్లు విన్న గొంతు. ఆమె చెయ్యి ఆపితే ఆగింది. మళ్లీ చెరిగితే అందుకుంది. పెన్సిలు తీసి రాసుకున్నాను. పదకొండు పాదాలు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది. ఆమెకు ఏమీ వినిపించలేదు.

రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాను. "గురిగమ్మా, వానొస్తే తలుపు తియ్యి" అన్నచోట చాట ఆమె చేతిలోంచి జారింది. బియ్యం నేలపాలయ్యాయి.

"గా పేరు నీకెవరు చెప్పిన్రు? మేమిద్దరమే ఉన్నప్పుడు పిలిచేటోడు. మా పిల్లలకు గూడ తెల్వదు!"

ఇంకా చెరగమని బతిమాలాను. కావ్యమంతా దొరుకుతుందని నా ఆశ. ఆమె ఆ చాటను ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా పట్టుకుంది.

"మిగిలింది నాకే ఉండనియ్యి బిడ్డా."

తర్వాత ఆయన మిగతా కవితలతో పుస్తకం వచ్చింది. ఆ పాదాలు నేను అందులో చేర్చలేదు. రుజువేదని అడిగితే నా చేతిరాత తప్ప ఏం చూపను? ఆరోజు నేను విన్నదేమిటో ఇప్పటికీ తెలియదు. ఆ పేరు మాత్రం నాకు ఎవ్వరూ చెప్పలేదు.