సుజాతక్క ప్లాస్టర్ ముక్కలు

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. సుజాతక్క ఇక లేదని. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నమ్మబుద్ధి కాలేదు. ఆదివారమే కదా చిక్కడపల్లిలో వాళ్ళింట్లో కూర్చోబెట్టి, వద్దంటున్నా ఇంకో పెసరట్టు వేసింది.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. నారాయణగూడలో నేను చేస్తున్న హాస్పిటల్ ఎమర్జెన్సీలో అక్క సీనియర్ నర్స్. పోయిన నెలే రిటైరైంది. నేనేమో అక్కడ కొత్త పిల్లని.

నా మొదటి వారం...

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో ఒకబ్బాయి కళ్ళు తిరిగి పడిపోతే ఫ్రెండ్ ఆటోలో తీసుకొచ్చాడు. టిఫిన్ మానేసి టీల మీద చదువుతున్నాడట. సెలైన్ పెట్టాలి.

సూది చక్కగా నరంలోకి వెళ్ళింది. కానీ సూది కదలకుండా అతికించే ప్లాస్టర్ ముందుగా చింపి పెట్టుకోలేదు. ఒక చేత్తో సూది పట్టుకుని రెండో చేత్తో చుట్ట విప్పబోతే, అది గ్లవ్‌కి అతుక్కుంది. లాగుతుంటే సూది బయటికొచ్చేసింది. బెడ్‌షీట్ అంతా రక్తం.

అది చూసి ఆ ఫ్రెండ్ కూడా ధబీమని పడ్డాడు.

ఒక పేషెంట్‌ని చూడమంటే ఇద్దర్ని తయారు చేశాను.

లాకర్ల దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. ఈ ఉద్యోగం నా వల్ల కాదు, రేపట్నుంచి రానని అక్కకి చెప్పేశాను.

అక్క ఓదార్చలేదు. జేబులోంచి ప్లాస్టర్ చుట్ట తీసి, మూడు ముక్కలు చింపి, నా యూనిఫాం స్లీవ్‌కి వరసగా అతికించింది.

"సూది పట్టేముందుగాల ఇవి ఉండాలె. చెయ్యి వణికితే వణకనీ, ఏం గాదు. ఇగ పా, ఆ రెండోవాన్ని గూడ చూడాలె గద."

ఏడుస్తూనే నవ్వాను. వెళ్ళాను. ఉండిపోయాను.

అక్క స్లీవ్ మీద ఎప్పుడూ ముక్కలుండేవి. ఇన్‌ఛార్జ్ మేడం తిడితే సరేననేది, మళ్ళీ మామూలే. ఓసారి డ్యూటీ దిగి అట్నుంచి అటే సుల్తాన్ బజార్ వెళ్ళాం. క్యారీబ్యాగ్ హ్యాండిల్ తెగిపోయింది. అక్క స్లీవ్ మీది ముక్క పీకి దానికి అంటించేసింది, షాపతనితో బేరం ఆపకుండానే. అతను నవ్వాపుకోలేక అక్క అడిగిన రేటుకే ఇచ్చేశాడు.

నిన్న ఫోన్ పెట్టేసరికి నా ముందు బెడ్ మీద ఒక పెద్దమ్మ ఉంది. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ కూలి పని చేస్తుంది. ఎండదెబ్బ, వాంతులు. సెలైన్ పెట్టాలి. వేరే ఎవరూ ఖాళీగా లేరు.

చేతులు వణుకుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు, నరం కూడా సరిగ్గా కనిపించట్లేదు.

స్లీవ్ చూసుకున్నాను. మూడు ముక్కలూ ఉన్నాయి. డ్యూటీకి రాగానే అలవాటుగా నేనే అతికించుకున్నవి.

కళ్ళు తుడుచుకుని, వేరే గ్లవ్స్ వేసుకుని సూది పట్టాను. ఒక్కసారికే వెళ్ళింది. ప్లాస్టర్ వేసేశాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నొప్పే తెల్వలే బిడ్డా. నీకు నేర్పినోళ్ళు సల్లగుండాలె."

తలూపి, సెలైన్ చుక్కలు సరిచేశాను.

అక్కా, ఆ దీవెన నీది. నీకు అందించాలనే ఈ పోస్ట్.

ఇక్కడ మేం చూసుకుంటాం. నువ్వు చల్లగా, హాయిగా పడుకో.